ముసిలితనం, మెదడు, దిగులు
(సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)

పొదుపు, లింకేజీ లెక్కలు ఇందాకే అయిపోయాయి. మాకు మిగిలింది పది నిమిషాలు. సంఘాలు పెట్టిన కొత్తల్లో చేరినవాళ్లలో చాలామందికి ఇప్పుడు అరవై దాటాయి. అందుకే ఈ ఏడు ముసిలితనంలో మెదడు సంగతి చెబుదామనుకున్నాం.

మెదడులో కణాలు ఒకదానికొకటి కబురంపుకోడానికి వాడే రసాయనాల్లో సెరోటోనిన్ ఒకటి. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ శాస్త్రవేత్తలు దీన్ని పశువుల రక్తంలోంచి వేరుచేశారు. మన ఒంట్లో ఉన్నదాంట్లో నూటికి తొంభై వంతులు పేగుల్లోనే ఉంటుంది. మెదడుకి కావలసింది మాత్రం మెదడే తయారుచేసుకోవాలి. నిద్ర, ఆకలి, మనసు, జ్ఞాపకం అన్నిట్లోనూ దీని పని ఉంది.

ఏ జబ్బూ లేనివాళ్ల మెదడుని స్కాన్ చేసి చూసినా, ఈ కబురందుకునే గ్రాహకాల్లో కొన్ని, ముఖ్యంగా 2ఏ రకం, ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతాయి. ఇది అరవైలో ఒక్కసారిగా వచ్చేది కాదు, పడుచు వయసు నుంచే మెల్లగా సాగుతుంది. కబురు తెచ్చేవాళ్లు వాకిట్లో ఉన్నా తలుపు తీసేవాళ్లు తగ్గారన్నమాట.

అయినా ఆరోగ్యంగా ఉన్న ముసిలోళ్లలో ఎక్కువమంది దిగులుతో ఉండరు. మేం గట్టిగా చెప్పదలచింది ఇదే. "వయసైపోనాది, ఇంకేటుంటాది" అని వదిలేస్తాం కదా! నిద్ర పలచబడటం, పేరు గుర్తుకు రావడం ఆలస్యమవడం మామూలే. రెండు వారాలు దాటినా అన్నం సయించకపోవడం, ఎవరితోనూ మాటాడకపోవడం, చచ్చిపోతే బాగుణ్ణనడం మాత్రం వయసు వల్ల వచ్చినవి అనుకోకూడదు. అది జబ్బు, దానికి వైద్యం ఉంది.

అరటిపండులో సెరోటోనిన్ ఉంది, అది తింటే చాలదా అంటారు. అది మెదడులోకి పోదు. పోయేది దాని ముడిసరుకు, ట్రిప్టోఫాన్. గుడ్డు, పాలు, పప్పు, వేరుశనగ, నువ్వుల్లో ఉంటుంది. తిండితోనే దిగులు జబ్బు నయమైపోదు గానీ, అత్తగారికి చోడి అంబలి ఒక్కటే పోసి సరిపెట్టకండి. (కోడళ్లు నవ్వుతున్నారు, మనమూ రేపు అత్తలమే.)

డాక్టరు మాత్రలిస్తే గుణం కనపడ్డానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో సొంతంగా ఆపేయొద్దు. పెద్దవాళ్లకి ఒక్కోసారి ఒంట్లో సోడియం తగ్గి తూలు వస్తుంది. అలా వస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలి. టెలి మానస్ 14416కి ఫోను ఉచితం, తెలుగులోనే మాటాడొచ్చు. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. కొత్తవలసలో రైలెక్కితే విశాఖ ఎంత దూరం!

వచ్చే నెల నుంచి, వరసగా రెండు మీటింగులకి రాని పెద్ద సభ్యురాలి ఇంటికి ఇద్దరు వెళ్లి చూసిరావాలని గ్రామ సంఘాలని కోరుతున్నాం. వాయిదా బాకీ గురించి ఆ రోజు అడగొద్దు.