నల్లరాళ్ల దీవి



ముప్పదియేండ్లు బడిలో భూగోళపాఠము చెప్పితిని. మారిషస్ అగ్నిపర్వతములు క్రక్కిన రాతిద్రవమువలన నేర్పడిన దీవి యనియు, అందు చెఱకు విస్తారముగా పండుననియు పిల్లలచే వల్లెవేయించితిని. "రాతిమీద చెఱకెట్లు పండునండీ?" యని యొక బాలు డడిగెను. నాకు తెలియలేదు. తెలియదనుటకు నామోషియై వానిచేత గోడకుర్చీ వేయించితిని. అఱువదియైదవ యేట ఆ దీవికి పోవుట తటస్థింపగా, విమానమునుండి నాతోకూడ ఆ ప్రశ్నయు దిగినది.

నాకు ఆతిథ్యమిచ్చినవారు అచటి తెలుగు ఉపాధ్యాయు లొకరు. తరతరములుగా ఆ దీవివారే. పుస్తకములవలన నేర్చిన తెలుగగుటచే వారి మాటయు నా మాటవలెనే యుండును. మా యూరి పిల్లలు విన్నచో ఇరువురినిగూర్చియు నవ్వుదురు.

మొదట వారు నన్ను క్యూర్పిప్ పట్టణమందలి అగ్నిబిలమునకు కొనిపోయిరి. దుప్పులగుంట యని యర్థమిచ్చు ఫ్రెంచిపేరు దానిది. నిప్పు వెడలిన నోరుగదా యని జంకుచు తొంగిచూచితిని. దాదాపు 80 మీటర్ల లోతు. లోపలి గోడలనిండ చెట్లు. అడుగున పాచిపట్టిన నీరు. పక్షికూతలు తప్ప వేఱు సద్దు లేదు. గట్టుపైనుండి చూడగా దూరమున విఱిగిన కుండ అంచులవలె కొండలు కనబడినవి. ఈ దీవిలో మంటలాఱి వేలయేండ్లైనది. పొరుగున రేయూనియన్ దీవియందలి కొండ మాత్రము నేటికిని నిప్పు క్రక్కుచుండును.

మఱునాడు షమరెల్ అను చోట రంగులనేల చూచితిమి. ఎఱుపు, గోధుమ, ఊదా వన్నెల మట్టిదిబ్బలు వానకు కోసికొనిపోయి, ఆరవేసిన చీరల మడతలవలె నున్నవి. నల్లరాయి కాలక్రమమున చివికి మన్నైనదట. ఇనుము మొదలగువాని భస్మములు ఆ వన్నెలకు కారణము. అచటనుండి చాలసేపు కదలలేకపోతిని.

ఇక భోజనము. నే నాచారవంతుడను, సంచినిండ అటుకులు తీసికొనిపోయితిని. మూడవనాటికి అవి నిండుకొన్నవి. ఆ మధ్యాహ్నము చెఱకుతోటల నడుమ నొక రాళ్లగుట్ట నీడన కూర్చుండగా, మిత్రులు కాగితపు పొట్లము విప్పిరి. దాల్‌పూరీ యట. ఉడికించి పొడిచేసిన పప్పులో పసుపు, జీలకఱ్ఱ కలిపి, గోధుమపిండిలో పూర్ణముగా పెట్టి, పలుచగా వత్తి కాల్చెదరు. బెల్లము మఱచిన బొబ్బట్టనుకొనుడు. రెండేసి చేర్చి, చిక్కుడుగింజల కూరయు, టమాటో కూరయు, మిరపకాయ పచ్చడియు నడుమ నుంచి చుట్టి యిత్తురు. వెంట చిన్న పప్పువడలు. వానిని అచట గాతో పిమాఁ యందురు. పేరు ఫ్రెంచిది, కొఱికినచో మా యమ్మ చేతి వడ! ఆచారమును అటుకులతోనే ముగించి నాలుగు తింటిని. ఐదవది యడుగుటకు సిగ్గుపడితిని.

తినుచు నేనానుకొన్న గుట్టవంక చూచితిని. నల్లరాళ్లు ఒడుపుగా పేర్చియున్నవి. పొలములలో అట్టి గుట్ట లింకను పెక్కు కలవు. ఎవరు పేర్చిరంటిని. మొదట ఆఫ్రికానుండి తేబడిన బానిసలు. 1834 మొదలు ఒప్పందపు కూలీలై వచ్చిన భారతీయులు. వారిలో మనవారును గలరు. కోరంగి రేవు పేరిట తెలుగువారిని అచట కోరింగీ లనెడివారు. చివికిన నల్లరాయి యిచ్చిన మన్ను సారవంతమే, కాని దానినిండ రాళ్లు. ఒక్కొక్క రాయి చేతులతో ఏఱి గుట్టవేసిన పిదపనే చెఱకు నాటుటకు చోటు దొరకినది. "మా ముత్తాతకు ముసలితనమున పిడికిలి ముడుచుకొనెడిది కాదట" అని మిత్రులు చెప్పిరి.

గోడకుర్చీ వేసిన బాలుడు జ్ఞప్తికి వచ్చెను. గుట్టనుండి జాఱిపడిన పెద్దరాయి నొకదానిని మరల పైన పెట్టబోయితిని. అది నా రెండుచేతులకును లేవలేదు. మిత్రులు వచ్చి ఆవలివైపు పట్టిరి.