మొక్కు తీరినను బాధ్యత తీరదు

(ఒక గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



పాడిపంటలకు నెలవైన ఈ గ్రామమున పశువులను గురించి నేను చెప్పబూనుట హనుమంతుని ముందు కుప్పిగంతులు వేయుట వంటిదే. అయినను పుణ్యక్షేత్రములలో దిక్కులేక తిరుగుచున్న పశువుల విషయము మనమందరము కలిసి ఆలోచింపదగినది.

వేములవాడ రాజన్నకు కోడెను కట్టుట, సింహాచలం అప్పన్నకు దూడను సమర్పించుట మనకు తరతరములుగా వచ్చిన ఆచారములు. పూర్వము గ్రామములలో ముద్రవేసి ఆబోతును విడుచుటయు ఉండెడిది. ఊరి మందకు అదియే విత్తనపు కోడె. దానికి యజమాని లేకపోలేదు, ఊరంతయు యజమానియే. నేడు ‘అచ్చోసిన ఆంబోతు’ అను మాట తిట్టుగా మాత్రమే మిగిలినది. దుక్కికి ట్రాక్టరు వచ్చినది, చూలుకట్టించుటకు సూది వచ్చినది. మగదూడ ఇంటికి బరువైనది. 2019 నాటి పశుగణనలో దేశమున వీధిపశువులు 50 లక్షలకు పైగా తేలినవి.

ఒక క్షేత్రమున బస్సులు నిలుచు చోట, నెలయైన నిండని దూడ యొకటి అరటితొక్కలు నాకుచుండగా చూచితిని. దానిని అప్పుడే విడిచివచ్చుచున్న పెద్దాయనతో, “అయ్యా, పాలు మరువని బిడ్డ గదా!” అంటిని. “దేవునికిచ్చితిని బాబూ, ఇక ఆయనే చూచుకొనును” అని చేతులు జోడించి ఆయన బస్సెక్కినాడు. ఆయన భక్తియందు నాకు సందేహము లేదు. కాని అంత చిన్నదూడకు గడ్డి అరిగించుకొను పొట్ట ఇంకను ఏర్పడదు. పాలే దాని ఆహారము. ఆ రాత్రి దానికి పాలెవరు పోసిరి? నేనును నా బస్సెక్కి వచ్చితిని. కావున ఆయన నొక్కనినే నిందింపజాలను.

బ్రతికి పెరిగిన పశువునకును సుఖము లేదు. యాత్రికులు ప్రేమతో పెట్టు అన్నము, పులిహోర మితిమీరినచో పొట్టలో పులిసి ప్రాణము తీయును. సంచిలో కట్టి పారవేసినచో పశువు సంచితోనే మ్రింగును. ప్లాస్టిక్కు పేడలో వెలికి రాక పొట్టలో ముద్దకట్టును. రాత్రివేళ రోడ్డుపై పరుండిన పశువును మోటారుసైకిలు గ్రుద్దినచో చచ్చునది పశువొక్కటియే కాకపోవచ్చును.

ఆకలిదప్పులకు లోనగునట్లు పశువును విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరము. చట్టము మాట అటుంచుడు. పుచ్చుకొనువాడు ఉన్నప్పుడే గదా అది దానమగును! లేనిచో అది వదలించుకొనుటయే.

కావున మొక్కు గలవారు ముందుగా దేవస్థానము వారిని అడుగుడు. పాలు మరచిన దూడనే, గోశాల వారి చేతికే అప్పగింపుడు. వేములవాడలో దేవస్థానపు కోడెనే పట్టి గుడిచుట్టు త్రిప్పి మొక్కు చెల్లించువారు ఎందరో కలరు, అదియు మొక్కే. పెయ్యదూడలే ఎక్కువగా పుట్టు వీర్యము ఇప్పుడు వచ్చినది. దానితో పది ఈతలలో సుమారు తొమ్మిది పెయ్యలే. మీ పశువైద్యుని అడిగి తెలిసికొనుడు. గాయపడిన పశువు కనబడినచో 1962 నంబరునకు ఫోను చేయుడు. సంచార పశువైద్య వాహనము వచ్చును.

మెడలో పలుపు వేసినది మనము. దానిని విడుచునపుడు ఆ పలుపు ఎవరి చేతికి పోవుచున్నదో చూచి విడుచుట మన ధర్మము.