గ్రహణం పేరున ఒక హత్య

ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతోందో ఆ పెద్దాయన, జాతకచక్రాన్ని కూడా శాసనంలాగే చదవమనేవారు: ఎవరు రాశారు, ఎవరికోసం, ఎప్పుడు? హత్యకు కారణాన్ని గ్రహణాల్లో, నక్షత్రాల్లో వెతికే అలవాటును ఆ పద్ధతిలోనే పరిశీలిస్తాను. గ్రహణఫలాలు చెప్పే వరాహమిహిరుడి రాహుచారం మీకు తెలిసిందే. నా ఏళ్లన్నీ నినెవే మట్టిపలకలతో గడిచాయి కనుక అక్కడికే వెళ్తాను.

అస్సీరియా రాజు ఎసర్‌హద్దోన్ కొలువు పండితులు చంద్రబింబాన్ని నాలుగు భాగాలు చేసి నాలుగు దేశాలకు పంచారు. నీడ ఏ భాగాన్ని కమ్మితే ఆ దేశపు రాజుకు గండం. ఆ వేళ గురుడు కనబడితే గండం తప్పినట్టే. లేకుంటే మారురాజును సింహాసనం ఎక్కించేవారు. నూరు రోజులకు మించని రాజ్యం అతనిది. అసలు రాజు చాటున ఉండేవాడు. ఆ రోజుల్లో పండితులు ఉత్తరాల్లో ఆయన్ని రైతు అని సంబోధించారు. గడువు తీరాక మారురాజు చావాలి, అపశకునం అతనితో పోవాలి.

క్రీ.పూ. 671 నాటి గ్రహణం తర్వాత అలా రాజైనవాడు దమ్కీ, అక్కద్ ఆలయాధికారి కొడుకు. మార్-ఇస్సర్ అనే ఉద్యోగి రాజుకు పంపిన నివేదిక దొరికింది. దమ్కీ, అతని రాణి చనిపోయారు. సమాధి సిద్ధం చేశాం. ఇద్దరినీ అలంకరించి, జనానికి చూపి, పాతిపెట్టి, ఏడ్చాం. శాంతులు లోటు లేకుండా జరిపించాం అని వరుసగా రాశాడు. అక్కద్ జనం బెదిరిపోయారని, ధైర్యం చెప్పాక కుదుటపడ్డారని కూడా రాశాడు.

ఇది హత్య కాదు, క్రతువు అనే పండితులతో నాకు ఎప్పటినుంచో తగువు. పలకలో ఆయుధం లేదు, చంపినవాడి పేరు లేదు, ఆ కాలపు నమ్మకంలో నిలబడి చూడమంటారు. నిలబడే చూస్తున్నాను. రాజు, రాణి ఇద్దరూ సరిగ్గా అవసరమైన వేళకే ఎలా పోయారు? అందరూ ఒప్పుకున్న క్రతువే అయితే ఊరు ఎందుకు బెదిరింది? నమ్మకం ఎంత గట్టిదైనా, ఆ భయాన్ని చూశాక ఆ క్రతువును నేరమనకుండా ఉండలేను. పెద్దాయన ఈ తగువులో నా పక్షం కాదు. అయినా ఆ నివేదికను నా పక్కన కూర్చుని వాక్యం వాక్యం చదివారు.

సమయం మించిపోతోందని అధ్యక్షులు సైగ చేస్తున్నారు, తక్కినవి త్వరగా చెబుతాను. రెండో శతాబ్దంలో టోలెమీ గ్రహణఫలాన్ని దేశాలకు, నగరాలకు చెప్పాడు: సూర్యగ్రహణం ఎన్ని గంటలో అన్నేళ్లు, చంద్రగ్రహణమైతే అన్ని నెలలు. మనిషి చావును మాత్రం జన్మచక్రంలో వెతికాడు; గోర్గాన్ తల, అంటే ఆల్గోల్ నక్షత్రం, కుజుడితో కలిస్తే శిరచ్ఛేదమన్నాడు. ఖగోళజ్ఞుడు కెప్లర్ 1625లో సేనాని వాలెన్‌స్టైన్‌కు రాసిన ఫలితాలను 1634 మార్చిలో కల్లోలం ఉందంటూ ముగించాడు. ఆ ఫిబ్రవరి 25నే సేనాని ఎగెర్‌లో హతుడయ్యాడు. కానీ అతణ్ణి పదవినుంచి తొలగించిన ఆజ్ఞ వియన్నా దర్బారుది. 1783లో ఖగోళ పరిశీలకుడు గుడ్రిక్, ఆల్గోల్ దాదాపు 2 రోజుల 21 గంటలకోసారి మసకబారుతుందని కొలిచి, ఏదో దాన్ని కప్పుతోందని ఊహించాడు. అయినా 1923లో వచ్చిన రాబ్సన్ జ్యోతిష పుస్తకం ఆ నక్షత్రాన్ని పరమ దుష్టంగా చెప్పింది.

ఇప్పుడు హత్య జరిగాక దగ్గరి గ్రహణాన్ని వెతికి ఆల్గోల్‌తో ముడిపెడుతున్నారు. ఏటా కనీసం 4 గ్రహణాలు వస్తాయి. ఏ తేదీకైనా కొద్ది నెలల దూరంలో ఒకటి దొరికి తీరుతుంది. దమ్కీ చావుకు మాత్రం గ్రహణంతో నిజంగానే సంబంధం ఉంది. ఆ సంబంధాన్ని కలిపినవాళ్ల ఉత్తరాలు మన చేతిలో ఉన్నాయి.