స్పర్శ లేని మచ్చ
(నాచారము పఠనమందిరమున చేసిన ప్రసంగపాఠము)



మన ఉప్పల్, నాచారము పారిశ్రామిక వాడలలో చేయి కాలినను నొప్పి యెరుగని కార్మికుడు కనబడినచో, అతని ఓర్పును మెచ్చుకొనుటకు ముందు అతని చర్మమును పరీక్షింపవలెను. బోధనాసుపత్రులలో చర్మ, సుఖవ్యాధి, కుష్ఠురోగములు మూడును నేడు ఒకే శాఖ క్రింద నున్నవి. ఆ మూడవది అచ్చటికి చేరిన చరిత్రనే మేము మనవి చేయదలచితిమి.

హైదరాబాదులో వైద్యపాఠశాల 1846లోనే నెలకొన్నది. ఐనను కుష్ఠురోగికి చికిత్స చిరకాలము ఊరి వెలుపలనే జరిగినది. నిజామాబాదు చెంత డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అను స్కాట్లండు వైద్యురాలును, ఆమె భర్తయు ఆసుపత్రి నెలకొల్పిరి. అందులకు రాజా నర్సాగౌడు ధనమిచ్చెను. మిషనరీల సేవను ఒప్పుకొనుటకు మన దేశాభిమానము జంకనక్కరలేదు. అందు తెలుగువాని చేయియు నున్నది. చాల్మూగ్రా జాతి నూనెను సూదితో నెక్కించుటయే ఆనాటి వైద్యము. రోగముకంటె వైద్యమునకే ఎక్కువ గుండెనిబ్బరము కావలసియుండెను! తొలుత డిచ్‌పల్లిలో పనిచేసిన జాన్ లో అను వైద్యుడే, తరువాత నైజీరియాలో, 1940 దశకపు చివర, చౌకయైన డాప్సోను మాత్రలతో రోగము లొంగునని చూపెను. కొంతకాలమునకు సూక్ష్మజీవులు ఆ మందునకు లొంగకపోగా, పలు మందులను కలిపి యీయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1981లో నిర్ణయించిరి. నేడు ఆ మందులు ఉచితము. ఆరు నెలలో, పండ్రెండు నెలలో వాడిన చాలును.

మనకు తూర్పున చర్లపల్లిలోనే ఈ రోగముపై పరిశోధన చేయు బ్లూ పీటర్ కేంద్రము 1999లో వెలసినది. ఆ పేరు బ్రిటను దేశపు పిల్లల టెలివిజన్ కార్యక్రమమునది.

ఇక 2005 డిసెంబరు నాటికి దేశమున కుష్ఠు నిర్మూలన జరిగినదని ప్రకటించిరి. ఈ మాటయే మనలను మోసగించినది. పదివేలమందిలో ఒక్కరికంటె తక్కువ రోగులున్నారనియే దాని యర్థము. రోగము సమూలముగ పోయినదని కాదు. 2023లో సైతము మన దేశమున లక్షకు పైగా క్రొత్త రోగులు బయటపడిరి. ఇంటింటికి తిరిగి మచ్చలు వెదకు ప్రత్యేక సిబ్బంది సామాన్య వైద్యశాఖలో కలిసిపోయిరి. నాడు వైద్యుడు రోగిని వెదకెను. నేడు రోగియే చర్మశాఖను వెదకికొని పోవలెను.

పోవునా? పెద్దరోగమను మాట పొక్కినచో పనియు, అద్దెగదియు పోవునని అతని భయము. 1898 నాటి కుష్ఠురోగుల చట్టము 2016లో రద్దయినది. కుష్ఠు కారణముగ విడాకులు కోరు హక్కు 2019లో తొలగినది. మేస్త్రీ మాత్రము మారలేదు. ఆలస్యమైన కొలది నరములు చచ్చి వ్రేళ్లు వంకరపోవును. పిదప మందు క్రిములను చంపునేగాని వ్రేళ్లను నిటారు చేయజాలదు.

కావున కర్మాగారముల యజమానులను మేము కోరునది స్వల్పము. ఏడాదికొకమారు బోధనాసుపత్రి చర్మవైద్యులను తమ ఆవరణమునకే పిలిపింపవలెను. కన్నులు మూయించి, మచ్చను దూదిపింజెతో తాకి చూచుటకు రెండు నిమిషములు పట్టును. స్పర్శ లేదని తేలినవానికి ఆసుపత్రికి పోవు దినమున కూలి కోయరాదు, పేరు బయట పెట్టరాదు, పనినుండి తీసివేయరాదు.