రోజుకో పేజీ తెలుగు

హోసూరులోనో బళ్లారిలోనో, బడిలో తెలుగు లేని పిల్లవాడికి ఇంట్లో నేర్పుదామని మొదలుపెడతాం. వారం సాగుతుంది. ఒకరోజు పెళ్లికి వెళ్తాం. అంతటితో పుస్తకం అటకెక్కుతుంది. మనకు పట్టుదల లేదని నిట్టూరుస్తాం.

లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన ఫలితాలు వేరేమాట చెబుతాయి. కొత్త పని అలవాటు కావడానికి సుమారు 66 రోజులు పట్టింది. ఒకరికి 18 రోజులైతే, ఇంకొకరికి 254 దాకా లెక్క తేలింది. అయ్యప్ప దీక్ష 41 రోజులే గదా, అదీ చాలదన్నమాట! మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా నష్టం లేదట. అయితే కొత్త పనిని రోజూ తప్పని మరో పనికి ముడిపెట్టాలి.

రాత్రి కంచాలు తీయగానే పెద్దబాలశిక్షలో ఒక్క పేజీ చాలు. పెళ్లినుంచి వచ్చిన రాత్రి మళ్లీ తెరవండి, పిల్లవాణ్ణి కోప్పడకుండా.