కూలరులో నీళ్లు పోసే చేతులకు



ఎండలు ముదిరితే చాలు, అటక మీది కూలరు కిందికి దిగుతుంది. బూజు దులుపుతారు. నీళ్లు పోస్తారు. స్విచ్చి వేస్తారు. తిరిగితే సంతోషం. తిరగకపోతే మెకానిక్కు కోసం కబురు. ఇంతేనా కూలరు సంగతి? ఇంకా చాలా ఉంది.

"కరెంటు సామాను గొడవ ఆడవాళ్లకెందుకు? మగవాళ్లు చూసుకుంటారు గదా" అని కొందరంటారు. కొనేది మగవాళ్లే కావచ్చు. బిగించేది మెకానిక్కే కావచ్చు. కానీ అందులో నీళ్లు పోసేది ఎవరు? బిందె చంకన పెట్టుకుని, తడి చేతులతో, తడి కాళ్లతో దాని దగ్గరికి పోయేది ఎవరు? ఇంటి ఆడవాళ్లే. షాకు కొట్టే ప్రమాదం ఎక్కువగా ఉండేది సరిగ్గా అప్పుడే. అందుకని కూలరు గురించి అందరికన్నా ముందు తెలుసుకోవలసింది ఆ నీళ్లు పోసే మనిషే.

కూలరు వద్దని ఎవరూ అనరు. వడగాలి మామూలుది కాదు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. వాళ్లలో ఎండలో పని చేసిన కూలీలున్నారు, ముసలివాళ్లున్నారు. గాలి మన ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు ఫ్యాను వేస్తే ఏమవుతుంది? ఆ వేడిగాలే మొహాన కొడుతుంది. పసిపిల్లలు, బాలింతలు, మంచం పట్టిన పెద్దలు ఉన్న ఇంట్లో కూలరు ప్రాణం కాపాడే వస్తువు.

మరి కూలరు గాలిని ఎట్లా చల్లబరుస్తుంది? దానికి జవాబు ప్రతి ఇంట్లోనూ ఉంది. మట్టి కుండలో నీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయి? కుండకు కంటికి కనపడని సన్నటి రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీళ్లు పైకి చెమరుస్తాయి. ఆ చెమ్మ ఆవిరైపోతూ కుండలోని వేడిని తనతో తీసుకుపోతుంది. కూలరులో జరిగేదీ అదే. పంపు నీళ్లను పైకి తోడుతుంది. ఆ నీళ్లు గడ్డి మీదుగా కిందికి జారుతాయి. ఫ్యాను బయటి వేడిగాలిని ఆ తడి గడ్డిలోంచి లోపలికి లాగుతుంది. నీళ్లు ఆవిరవుతాయి, గాలి చల్లబడుతుంది. తెల్లదొరల కాలంలో బంగళాలకు వట్టివేళ్ల తడికలు కట్టి, పనివాళ్ల చేత వాటి మీద నీళ్లు చల్లించేవారు. ఆ పనివాళ్ల పని ఇప్పుడు పంపు చేస్తోంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. గాలి పొడిగా ఉంటేనే నీళ్లు తొందరగా ఆవిరవుతాయి. రామగుండంలో, ఖమ్మంలో, కర్నూలులో మే నెల మధ్యాహ్నం గాలి పొడిగా ఉంటుంది. తడిబట్ట ఆరేస్తే చూస్తుండగానే ఆరిపోతుంది. అట్లాంటి చోట మంచి కూలరు గాలి వేడిని పది డిగ్రీలకు పైగా తగ్గించగలదు. అదే కూలరు బందరులోనో, కాకినాడలోనో పెడితే అంత పనిచెయ్యదు. సముద్రం మీది గాలిలో ముందే చెమ్మ ఉంటుంది. ఒంటి మీది చెమటే ఆరదు, ఇక గడ్డి మీది నీళ్లేం ఆరతాయి? "మా చుట్టాలింట్లో ఎంత చల్లగా ఉందో, మా ఇంట్లో జిడ్డు జిడ్డుగా ఉంది, దుకాణం వాడు మోసం చేశాడు" అనుకుంటారు. మోసం కాదు, గాలిలో తేడా. వానాకాలం వచ్చాక ఎక్కడైనా ఇదే పరిస్థితి. అప్పుడు పంపు ఆపి, ఉత్త ఫ్యాను వేసుకోవడమే మేలు.

కూలరు ఎక్కడ పెట్టాలి? గది మధ్యలో పెట్టి, తలుపులూ కిటికీలూ బిగించి కూర్చునేవాళ్లు చాలామంది ఉన్నారు. చల్లగాలి బయటికి పోతుందని వాళ్ల భయం. ఇది తప్పు. కూలరు లోపలికి పంపేది చెమ్మగాలి. అది బయటికి పోయే దారి లేకపోతే గదంతా చెమ్మ నిండిపోతుంది. కాసేపటికి ఉక్కపోస్తుంది. అందుకని కూలరును కిటికీ దగ్గర, వీపు బయటివైపు ఉండేట్టు పెట్టాలి. ఎదురుగా ఒక తలుపో, కిటికీయో కొంచెం తీసి ఉంచాలి. ఏసీకి తలుపులు మూయాలి, కూలరుకు తెరవాలి. రెండింటినీ ఒకే గదిలో ఒకేసారి నడిపితే దండగ. కూలరు చెమ్మను లోపలికి పంపుతుంటే, ఏసీ ఆ చెమ్మను బయటికి తోడుతూ ఉంటుంది. ఎండ నేరుగా పడే వైపు పెట్టవద్దు. కింద స్టాండు ఊగకూడదు. పిల్లల చెయ్యి ఫ్యాను రెక్కలకు అందకుండా ముందు జాలీ గట్టిగా ఉండాలి.

ఇక అసలు సంగతికి వద్దాం. ఎర్తింగు.

కూలరు ప్లగ్గుకు మూడు పుల్లలుంటాయి. రెండు సమానంగా ఉంటాయి. మూడోది లావుగా, పొడుగ్గా ఉంటుంది. ఆ లావుపాటి పుల్ల పేరు ఎర్తు. దానికి కలిపే తీగ ఆకుపచ్చగా ఉంటుంది, లేదా ఆకుపచ్చ మీద పసుపు చార ఉంటుంది. లోపల దాని రెండో కొస కూలరు ఇనుప రేకుకు బిగించి ఉంటుంది. ఫ్యాను తిరగడానికి ఈ తీగ అవసరం లేదు. అందుకే చాలామంది దాన్ని లెక్కచెయ్యరు. బోర్డులో రెండు రంధ్రాలే ఉన్నాయని ఆ పుల్లను విరగ్గొడతారు. కొందరు ప్లగ్గే తీసేసి, రెండు తీగలను రంధ్రాల్లో గుచ్చి అగ్గిపుల్లలు దోపుతారు. కూలరు బాగానే తిరుగుతుంది. పంపు తీగ తొడుగు చిరిగిన రోజున మాత్రం సంగతి తెలుస్తుంది.

ఏం జరుగుతుంది? ఆ తీగలోని కరెంటు నీళ్లలోకి, రేకులోకి వస్తుంది. ఎర్తు తీగ సరిగ్గా ఉంటే ఆ కరెంటు దానిగుండా భూమిలోకి పోతుంది. ఫ్యూజు కొట్టేస్తుంది, అంతటితో పోతుంది. ఎర్తు తీగ లేకపోతే కరెంటు ఆ రేకులోనే కాచుకుని ఉంటుంది. తడి నేల మీద ఒట్టి కాళ్లతో నిలబడి ఎవరు ముట్టుకుంటే వాళ్లలోంచి భూమిలోకి పోతుంది.

"ఫ్యూజు ఉంది గదా, కొట్టేస్తుంది గదా" అని ధైర్యం చెబుతారు. ఈ లెక్క వినండి. ఇళ్లల్లో మామూలుగా ఉండే చిన్న ఫ్యూజు 5 ఆంపియర్లది. అంటే 5,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి గుండె ఆగడానికి అందులో వందోవంతు కరెంటు చాలు. అంత కొంచెం కరెంటుకు ఫ్యూజు కదలదు కూడా. ఫ్యూజు ఉన్నది తీగలు కాలిపోకుండా ఉండటానికి. మనిషిని కాపాడటానికి వేరే సాధనం ఉంది. దాన్ని ఆర్‌సీసీబీ అంటారు. మీటరు బోర్డు దగ్గర బిగిస్తారు. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారి తప్పితే చాలు, రెప్పపాటులో ఇంటి కరెంటు ఆపేస్తుంది. దాని మీద ఒక చిన్న బొత్తాం ఉంటుంది. నెలకోసారి అది నొక్కి చూడాలి. కరెంటు పోతే అది బాగున్నట్టు. కూలరు కొనే ఇల్లు దీన్ని కూడా కొనాలి. కొంచెం ఖర్చే. కానీ కూలరు ఒక సైజు చిన్నది తీసుకుని అయినా దీన్ని పెట్టించుకోవడం తెలివైన పని.

ఇంకో మాట ఎవరూ చెప్పరు. ఎర్తు తీగ చివరికి పోయేది ఇంటి పక్కన పాతిన గొట్టం దగ్గరికి. ఆ గుంటలో ఉప్పు, బొగ్గు వేస్తారు. ఎందుకు? అక్కడి మట్టి చెమ్మగా ఉండటానికి. తడి మట్టి కరెంటును తీసుకుంటుంది. ఎండిన మట్టి తీసుకోదు. మరి కూలరు వాడేది ఎప్పుడు? నేల నెర్రెలిచ్చే ఎండాకాలంలో. ఆ గుంట కూడా అప్పుడే ఎండిపోతుంది! అందుకని ఎండాకాలమంతా రెండు మూడు రోజులకొకసారి ఆ గుంటలో ఒక బిందె నీళ్లు పోయాలి. బట్టలు ఉతికిన నీళ్లయినా ఫరవాలేదు. ఎర్తు గుంట ఎక్కడుందో తెలియకపోతే ఎలక్ట్రీషియన్ను అడిగి తెలుసుకోవాలి. అసలు గుంటే లేని ఇళ్లున్నాయి. మూడు రంధ్రాల బోర్డు పెట్టి, మూడో రంధ్రానికి తీగే కలపని చోట్లూ ఉన్నాయి. "ఎర్తింగు లేకపోయినా ఏం కాదమ్మా" అనే మెకానిక్కుకు కూలరు అప్పగించవద్దు.

నీళ్లు పోసే పద్ధతి ఒకటే. ముందు స్విచ్చి ఆపాలి. తరవాత ప్లగ్గు పీకాలి. స్విచ్చి ఒక్కటే ఆపితే చాలదు. వైరింగు తిరగబడి ఉంటే స్విచ్చి ఆపినా లోపల కరెంటు ఉంటుంది. ప్లగ్గు పీకాక నీళ్లు పోసి, కింద ఒలికినవి తుడిచి, చేతులు తుడుచుకుని, చెప్పులు వేసుకుని, అప్పుడు ప్లగ్గు పెట్టాలి. రోజూ ఇంత తతంగమా అనిపిస్తుంది. మూడు నిమిషాలు పడుతుంది.

రేకు ముట్టుకుంటే జివ్వుమంటోందా? "కొంచెమేలే" అనుకోవద్దు. ఈ రోజు చెప్పులు వేసుకున్నారు కాబట్టి కొంచెం. రేపు తడి కాళ్లతో ఉంటే? ఆ క్షణమే మెయిన్ ఆపి, ప్లగ్గు పీకి, బాగుచేయించేదాకా వాడకూడదు.

ఎవరినైనా కరెంటు పట్టుకుంటే పరిగెత్తి వాళ్లను పట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపాలి. అది అందకపోతే ఎండిన కర్రతో తోసి విడిపించాలి. తోసేవాళ్లు పొడి పలక మీదో, రబ్బరు చెప్పులతోనో నిలబడాలి. మనిషి పిలిస్తే పలక్కుండా, ఊపిరి తీసుకోకుండా ఉంటే వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము నడుమ రెండు చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి గట్టిగా, గబగబా నొక్కాలి. నిమిషానికి వంద సార్లకు తగ్గకూడదు. 108 వచ్చేదాకా ఆపకూడదు.

చిన్న చిన్న మరమ్మతులు ఇంట్లోనే చేసుకోవచ్చు, ప్లగ్గు పీకాక. గాలి వస్తోంది గానీ చల్లగా లేదా? గడ్డి తడుస్తోందో లేదో చూడండి. సగం తడిసి సగం పొడిగా ఉంటే పైన నీళ్లు పంచే గొట్టం రంధ్రాలు మూసుకున్నట్టు. పిన్నీసుతో పొడిస్తే తెరుచుకుంటాయి. అసలు నీళ్లే ఎక్కడం లేదా? పంపు జాలీకి గడ్డి పోచలు చుట్టుకుని ఉంటాయి, తీసి కడగాలి. తొట్టిలో నీళ్లు అయిపోయాక పంపు నడిస్తే కాలిపోతుంది, అది గుర్తుంచుకోవాలి. గడ్డి ఏటా మార్చాలి. వాసన వస్తే ఇంకా ముందే మార్చాలి. ఫ్యాను మూలుగుతోంది, చేత్తో తిప్పితే గానీ తిరగడం లేదు అంటే చాలాసార్లు కండెన్సరు పోయి ఉంటుంది. అది మాత్రం మెకానిక్కు పని. ప్లగ్గు పీకినా దానిలో కాసేపు కరెంటు నిలవ ఉంటుంది, ముట్టుకోకూడదు.

బోరు నీళ్లు పోసే ఇళ్లల్లో గడ్డి మీద తెల్లటి పెచ్చు కడుతుంది. నీళ్లు ఆవిరైపోతాయి, అందులోని ఉప్పులు మాత్రం మిగిలిపోతాయి. పాత నీళ్ల మీద కొత్త నీళ్లు పోస్తూ పోతే ఆ ఉప్పదనం పెరుగుతూనే ఉంటుంది. అందుకని వారానికొకసారి తొట్టి మొత్తం వంచేయాలి. దీనికి ఇంకో పెద్ద కారణం ఉంది. డెంగీ తెచ్చే దోమ మురుగులో కాదు, ఇట్లాంటి మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. ఆ గుడ్లు తొట్టి గోడకు అంటుకుని ఉంటాయి. నీళ్లు లేకపోయినా నెలల తరబడి చావవు. కాబట్టి ఉత్తగా వంచితే సరిపోదు. పీచుతో గోడలు రుద్ది కడగాలి.

కరెంటు ఖర్చు లెక్క కూడా చూద్దాం. కూలరు వెనక ఒక చిన్న రేకు మీద దాని వాట్లు రాసి ఉంటాయి. 200 అని ఉందనుకోండి. వెయ్యి వాట్ల సామాను గంట నడిస్తే ఒక యూనిట్టు. 200 వాట్ల కూలరు 5 గంటలు నడిస్తే ఒక యూనిట్టు. రోజుకు 10 గంటలు వేస్తే 2 యూనిట్లు, నెలకు 60. ఒకటిన్నర టన్నుల ఏసీ నడుస్తున్నప్పుడు సుమారు 1,500 వాట్లు లాగుతుంది. ఏసీ కొనే ముందు ఈ లెక్క కాగితం మీద వేసుకోవాలి. యూనిట్లు పెరిగేకొద్దీ ఒక్కో యూనిట్టు ధర కూడా పెరుగుతుంది.

తొలకరి పడ్డాక కూలరు పని అయిపోతుంది. అప్పుడు తొట్టి కడిగి, బట్టతో తుడిచి, ఒక రోజు నీడలో ఆరబెట్టాలి. పాత గడ్డి పారేయాలి. పంపు తీసి గుడ్డలో చుట్టాలి. తీగ పొడుగునా చూపు పెట్టి చూడాలి. ఎలుక కొరికిన చోటుంటే టేపు చుట్టి సరిపెట్టకుండా తీగే మార్పించాలి. గడ్డి ఎప్పుడు మార్చారో, పంపు ఎప్పుడు కొన్నారో, ఎర్తింగు ఎవరు ఏ నెలలో చూశారో ఒక చీటీ మీద రాసి కూలరు తలుపు లోపల అంటించాలి. వచ్చే ఏడు అటక మీంచి దించినప్పుడు ముందు ఆ చీటీ చదివి, తరవాతే నీళ్ల బిందె ఎత్తాలి.