తప్పు నాదేనా? పరాయి దేశపు వినోద పార్కులో దెబ్బ తగిలినప్పుడు

(ఒక మహిళా సంఘం కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. వరకట్నం, గృహహింస, కూలి రేట్ల గురించి మాట్లాడుకునే చోట విదేశాల్లో రోలర్ కోస్టర్ ఎక్కి పడ్డవాళ్ళ గొడవ ఎందుకని అనుకోవచ్చు. నేనూ రెండేళ్ళ పైచిలుకు అలాగే అనుకున్నాను. ఆ అనుకోవడం వల్లనే నా హక్కు పోగొట్టుకున్నాను. అందుకే ఈ మాటలు.

2022 జూన్‌లో అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. ఒక ఆదివారం అందరం వినోద పార్కుకి వెళ్ళాం. చిన్నపిల్లలు కూడా ఎక్కే నీళ్ళ పడవ రైడ్ అది. ఎత్తు నుంచి నీళ్ళలోకి జారినప్పుడు నేను కూర్చున్న చోట పెద్ద కుదుపు వచ్చింది. నడుములో ఏదో విరిగినట్టయింది. పక్కన కూర్చున్న మనవరాలు అప్పుడే చెప్పింది, "అమ్మమ్మా, నీ సీటు కింద మెత్త లేదు, ఉట్టి చెక్కే ఉంది" అని. ఆ మాట ఎవరూ రాసుకోలేదు. పార్కు వాళ్ళు చక్రాల కుర్చీ తెచ్చారు, ఐసు సంచీ ఇచ్చారు, టిక్కెట్ల డబ్బు తిరిగి ఇస్తామన్నారు. ఒక కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టాను. అందులో ఏముందో నేను చదవలేదు, కంగారులో మా అమ్మాయీ చదవలేదు.

ఆ దేశంలో ఆసుపత్రి బిల్లంటే అందరికీ భయమే. నొప్పి ఓర్చుకున్నాను. ఆరో రోజున ఎక్స్‌రే తీస్తే వెన్నుపూస చిట్లిందన్నారు. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఈ వయసులో నీకెందుకు అవన్నీ?" మా అత్తగారు, పక్కింటివాళ్ళు, చివరికి మా సంఘంలో స్నేహితులు కూడా అదే అడిగారు. సీటు ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు. 2024 అక్టోబరులో ఒక లాయరు దగ్గరికి వెళ్ళాం. ఆయన తేదీలు చూసి, ఆ రాష్ట్రంలో దావా వేయడానికి గడువు రెండేళ్ళేనని, అది నాలుగు నెలల క్రితమే దాటిపోయిందని చెప్పారు.

మిత్రులారా, ఆ నాలుగు నెలలు నాకు పోగొట్టింది చట్టం కాదు, సిగ్గు.

మొదటి ప్రశ్న ఎవరి మీద?

ఆడవాళ్ళకు ఎక్కడ ఏ హాని జరిగినా మొదటి ప్రశ్న ఆమె మీదికే వస్తుంది. ఆ వేళప్పుడు ఎందుకు వెళ్ళావు, ఆ బట్టలెందుకు వేసుకున్నావు అని. వినోద పార్కులోనూ అంతే. 2020 అక్టోబరులో హైదరాబాద్ శివారు గుర్రంగూడలో ఒక విద్యార్థిని జుట్టు గో కార్ట్ చక్రంలో చిక్కుకుని ఆమె చనిపోయింది. ఇలాంటి వార్త చదవగానే "జుట్టు ముడి వేసుకోవద్దూ" అనే మాట మన నోటికే వస్తుంది. తిరిగే చక్రానికి మూత ఎందుకు లేదు, బండి కదిలే ముందు చూడవలసింది ఎవరు అని అడగం. ప్రశ్నను మనిషి మీది నుంచి యంత్రం మీదికి, యంత్రం మీది నుంచి దాన్ని నడిపే యాజమాన్యం మీదికి మళ్ళించడమే జవాబుదారీతనం కోసం వేసే మొదటి అడుగు. అలా మళ్ళించినప్పుడు ఏం బయటపడుతుందో చెప్పడానికి మూడు సంఘటనలు చెబుతాను.

మూడు దేశాలు, మూడు అనుభవాలు

2015 జూన్ 2న ఇంగ్లండులో ఆల్టన్ టవర్స్ పార్కులో 'స్మైలర్' అనే రోలర్ కోస్టర్ మీద 16 మందితో వెళ్తున్న బండి, పట్టాల మీద ఆగి ఉన్న ఖాళీ బండిని గుద్దింది. ఇద్దరు యువతులు చెరొక కాలు పోగొట్టుకున్నారు. నిజానికి కంప్యూటరు ముందు బండి ఉందని గుర్తించి రైడ్‌ను ఆపేసింది. ఇంజనీర్లు అది కంప్యూటరు పొరపాటనుకుని దాన్ని తోసిపుచ్చి బండి నడిపారు. యాజమాన్యం మొదట ఇది మానవ తప్పిదమని చెప్పింది. కానీ ప్రభుత్వ సంస్థ అయిన హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ లోతుగా చూసింది. ఇలాంటి లోపం వస్తే ఏం చేయాలో ఆ ఇంజనీర్లకు సరైన పద్ధతి ఏర్పరచనిది యాజమాన్యమేనని, తప్పు దానిదేనని తేల్చింది. 1974 నాటి చట్టం కింద కేసు పెట్టింది. కంపెనీ నేరం ఒప్పుకుంది. 2016 సెప్టెంబరులో కోర్టు 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది.

ఆ జరిమానా ప్రభుత్వానికి పోతుంది, కాలు పోయిన అమ్మాయికి కాదు. ఆమె నష్టపరిహారానికి విడిగా దావా వేసుకోవాలి. శిక్ష, పరిహారం, నిజం తెలుసుకోవడం అనేవి మూడు వేరువేరు దారులని మనం గుర్తుంచుకోవాలి. ఒకటి దొరికితే మిగతావి వాటంతట అవే రావు.

రెండోది ఆస్ట్రేలియాలోని డ్రీమ్‌వరల్డ్. 2016 అక్టోబరు 25న నీళ్ళ పడవల రైడ్‌లో నలుగురు చనిపోయారు. నీళ్ళు తోడే పంపు ఆగిపోయి నీటిమట్టం పడిపోయింది, ఒక పడవ ఇరుక్కుపోయింది, వెనక వచ్చిన పడవ దాన్ని గుద్దింది. ఆ పంపు ఆ రోజే అంతకు ముందు రెండుసార్లు ఆగింది. ఆ రైడ్ నడిపిన వాళ్ళలో ఒక యువతికి అక్కడ అదే మొదటి రోజు. అందరి చూపూ ఆ పిల్ల మీదే పడి ఉండేది. కానీ మరణాల మీద విచారణ జరిపే కరోనర్ 2020 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదికలో తప్పు ఆపరేటర్ల మీద పెట్టలేదు. దాదాపు 30 ఏళ్ళుగా నడుస్తున్న ఆ రైడ్‌కు అర్హత గల ఇంజనీరు చేత పూర్తి స్థాయి ప్రమాద పరిశీలన చేయించనేలేదని తేల్చారు. అదే ఏడు సెప్టెంబరులో కంపెనీకి 36 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడింది. మనం కూడా ఇది నేర్చుకోవాలి. తక్కువ జీతానికి మీట నొక్కే అమ్మాయిని బలిపెట్టి ఊరుకోవడం న్యాయం కాదు. యాజమాన్యానికి కావలసిందీ అదే.

మూడోది అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలో. 2022 మార్చి 24న ఓర్లాండోలో ఎత్తయిన రైడ్ నుంచి 14 ఏళ్ళ పిల్లవాడు జారిపడి చనిపోయాడు. పెద్ద శరీరం ఉన్నవాళ్ళు కూడా కూర్చోగలిగేలా ఆ సీటు కడ్డీ సెన్సరును చేత్తో సర్దారని దర్యాప్తులో తేలింది. ఆ పిల్లవాడి తల్లిదండ్రులు ఊరుకోలేదు. 2023లో అతని పేరుతోనే ఆ రాష్ట్రంలో కొత్త భద్రతా చట్టం వచ్చింది. 2024 డిసెంబరులో జ్యూరీ ఆ రైడ్ తయారుచేసిన ఆస్ట్రియా కంపెనీ 31 కోట్ల డాలర్లు చెల్లించాలని చెప్పింది. ఆ కంపెనీ విచారణకే హాజరు కాలేదు. తీర్పు ఒక దేశంలో, కంపెనీ మరో దేశంలో. వసూలు చేసుకోవడం ఇంకో పోరాటం. అయినా ఆ తల్లి కొడుకుదే తప్పని ఒప్పుకుని ఇంట్లో కూర్చుంటే ఆ చట్టమూ వచ్చేది కాదు.

పరాయి దేశంలో మన హక్కు

మనం ఆ దేశ పౌరులం కాము కదా, మనకేం హక్కు ఉంటుందని చాలామంది అడుగుతారు. దెబ్బ తగిలిన మనిషి పాస్‌పోర్టు ఏ దేశానిదనేది పరిహారం దావాకు సాధారణంగా అడ్డు కాదు. అడ్డు వచ్చేది గడువు. ఇంగ్లండులో మామూలుగా 3 సంవత్సరాలు. సింగపూర్‌లోనూ 3 సంవత్సరాలు. ఫ్లోరిడాలో 2023 మార్చి తర్వాత జరిగిన వాటికి 2 సంవత్సరాలే, అంతకు ముందు 4 ఉండేవి. డ్రీమ్‌వరల్డ్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో కోర్టుకు వెళ్ళే ముందు అవతలి పక్షానికి నోటీసు ఇవ్వాలి. దానికి గడువు ప్రమాదం జరిగిన 9 నెలలు, లేదా లాయరును పెట్టుకున్న నెల, ఏది ముందయితే అది. న్యూజిలాండ్‌లో పద్ధతే వేరు. అక్కడ గాయానికి పరిహారం కోరుతూ దావా వేయడం కుదరదు, తప్పెవరిదైనా వైద్యం ఖర్చు ప్రభుత్వ బీమా సంస్థ చూస్తుంది. వచ్చిన సందర్శకులకు కూడా అది వర్తిస్తుంది. కాబట్టి ఇంటికి తిరిగొచ్చాక తీరిగ్గా చూద్దామనుకోకూడదు.

ఇక సంతకాల సంగతి. "నా ఇష్టపూర్వకంగా ఎక్కుతున్నాను, ఏమైనా మీ పూచీ లేదు" అని రాయించుకుంటే అంతటితో అయిపోయిందని భయపడతాం. ఇంగ్లండులో 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణానికి, గాయానికి వ్యాపారి తన బాధ్యతను అలాంటి కాగితంతో తప్పించుకోలేడు. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. అందువల్ల సంతకం చేశాం కదా అని వదిలేయకుండా లాయరుకు చూపించాలి. దెబ్బ తగిలాక ఇచ్చే కాగితం మాత్రం వేరు. టిక్కెట్టు డబ్బుతో సర్వహక్కులూ వదులుకున్నట్టు అందులో ఉండవచ్చు. దాని మీద సంతకం పెట్టవద్దు.

టూరు ప్యాకేజీ మీద వెళ్ళినవాళ్ళకు మరో దారి ఉంది. ఇంగ్లండులో ఒక స్త్రీ ప్యాకేజీ మీద శ్రీలంక వెళితే 2010లో హోటలు ఉద్యోగి ఆమెపై అత్యాచారం చేశాడు. ప్యాకేజీ అమ్మిన కంపెనీదే బాధ్యత అని బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 జూలైలో తీర్పిచ్చింది. ఆమె పదకొండేళ్ళు పోరాడింది. మన దేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, గడువు రెండేళ్ళు. ఇక్కడ మనకు ప్యాకేజీ అమ్మి, అందులో రైడ్ కూడా చేర్చిన సంస్థ సేవాలోపాన్ని మన ఊళ్ళోనే ప్రశ్నించే వీలుందన్నమాట.

ఆ రోజే చేయవలసిన పనులు

నేను చేయనివన్నీ చెబుతాను, మీరు చేయండి. పార్కు ప్రథమ చికిత్స కేంద్రంలో జరిగింది రాయించి నకలు అడగండి. రైడ్ పేరు, సీటు వరస, టైము రాసుకోండి. సీటు, కడ్డీ, బెల్టు ఫొటో తీయండి. పక్కన ఉన్నవాళ్ళ ఫోన్ నెంబర్లు తీసుకోండి. పిల్లలు చెప్పిన మాటను కూడా రాసుకోండి. ఆ రోజే డాక్టరుకు చూపించుకోండి. ఆలస్యమైతే దెబ్బ అక్కడ తగిలింది కాదంటారు. కెమెరా రికార్డులు చెరిపివేయవద్దని పార్కుకు రాతపూర్వకంగా తెలపండి. రైడ్లను తనిఖీ చేసే ప్రభుత్వ శాఖ ఏదో తెలుసుకుని ఫిర్యాదు ఇవ్వండి. అమెరికాలో ఇలాంటి కేసుల్లో గెలిస్తేనే ఫీజు తీసుకునే లాయర్లుంటారు, కాబట్టి డబ్బు లేదని ఆగవద్దు. భారత కాన్సులేట్ మన తరఫున కేసు నడపదు గాని లాయర్ల జాబితా అడగవచ్చు.

మన సంఘాలు కూడా ఒక పని చేయాలి. పురుళ్ళకీ పుణ్యాలకీ పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లులు ఈ రోజు మన ఊళ్ళలో ఎందరో. భాష రాదు, చేతిలో డబ్బు ఉండదు, ఏమన్నా అయితే అల్లుడికి భారమవుతామనే బెంగ. వాళ్ళ చేతికి ఈ నాలుగు విషయాలు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.

నాకు పరిహారం రాదు. సీటు కింద మెత్త ఎందుకు లేదో కూడా నాకు ఎప్పటికీ తెలియకపోవచ్చు. అయినా మొన్న ఆ రాష్ట్రంలో రైడ్లు తనిఖీ చేసే శాఖకు ఉత్తరం రాశాను. దావాకు గడువు దాటినా ప్రశ్న అడగడానికి గడువు లేదు కదా. ఉత్తరంలో మనవరాలు ఆ రోజు అన్న మాట ఉన్నదున్నట్టు రాశాను. ఇప్పుడు దానికి పన్నెండేళ్ళు. తన పేరు కింద తనే సంతకం పెట్టింది.

సెలవు.